మీ బావ ముందు చెయ్యాల్సిన సంతకం

ప్రెస్టన్,
నవంబరు 9

చెల్లి ఆగ్నెస్‌కు,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. మీ బావ ఒంటికి క్షేమమే, తక్కినది దేవుడికి తెలియాలి. మఠంలో మీరందరూ బాగున్నారని తలుస్తాను. ఆ రాతి గదుల్లో ఊలు మేజోళ్ళు వేసుకోనిస్తున్నారో లేదో నువ్వు రాయనేలేదు.

ఇక నీ ప్రశ్నలు. నా మోకాలు రేడియోలో వాతావరణం చెప్పేవాడికంటే నయం, వాన సంగతి ముందే చెబుతుంది. శుక్రవారం బంగాళాదుంపలు కూరిన రొట్టె ఇప్పటికీ చేస్తున్నాను. ఒక్కరికి సరిపడా చెయ్యడం చేతకాక సోమవారం దాకా అదే తింటున్నాను. ఇంట్లో నా గొంతు నేను విని రోజులవుతోంది. “బావను ఇంటికెప్పుడు తెచ్చుకుంటావు, ఆ అధికార పత్రం ఏమైంది?” అని కూడా అడిగావు. పోయిన ఉత్తరంలో ఆ మాట దాటేశాను. ఈసారి దాటను.

మొదటి పక్షవాతం తేలిగ్గా పోయాక మార్చిలో ఆ కాగితం రాశాం. తన బుర్ర పనిచెయ్యని రోజు వస్తే ఎక్కడ ఉండాలో, ఏ వైద్యం చేయించాలో నేను నిర్ణయించాలని అందులో ఆయన రాసివ్వాలి. మా ఇంట్లో క్రిస్మస్ కార్డు మీదైనా ముందు నా పేరే, కింద ఆయనది. నలభై తొమ్మిదేళ్ళ అలవాటు. నేను ఆదివారమే సంతకం చేసేశాను, ఆయన బుధవారం చేశారు. అధికారం ఇచ్చే మనిషి ముందు, పుచ్చుకునే మనిషి ఆఖర అని ఆ ఫారంలోనే ఉంది. చదివితేగా! వరుస తప్పిందని నమోదు ఆఫీసువాళ్ళు మే నెలలో తిప్పి పంపారు.

“బస్సు రాకముందే టికెట్టు కొట్టేశావన్నమాట,” అని మీ బావ ఒకటే నవ్వు. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషి కదా.

అప్పటికింకా పొద్దుటిపూట తెలివిగానే ఉండేవారు. కొత్త ఫారం మీద వరుస తప్పకుండా సంతకాలు చేస్తే సరిపోయేది. కాకపోతే చర్చిలో ఆర్గాను వాయించే మిసెస్ క్రాన్‌షా మార్చిలో వచ్చినట్టే మళ్ళీ రావాలి. నన్ను బయటికి పంపి, ఆయనతో విడిగా మాట్లాడి, ఎవరి బలవంతమూ లేదని రాసివ్వాలి.

“రేపు రానా మోనికా?” అని ఆవిడ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయనకు జలుబన్నాను. ఫారం పదకొండు వారాలు సొరుగులోనే ఉంది. ఆగస్టులో మళ్ళీ పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత కలం చేతికిస్తే ఇది దేనికన్నట్టు చూశారు. కౌన్సిలు వాళ్ళు నన్ను కూర్చోబెట్టి మర్యాదగా అడిగారు, మర్యాదగా విన్నారు, నా చేతిలో చెల్లే కాగితం లేదు గనక తామే నిర్ణయించి ఆయన్ని వృద్ధుల సంరక్షణాలయంలో చేర్చారు. ఆయన తరఫున నిర్ణయించే హక్కు ఇమ్మని కోర్టుకు అర్జీ పెట్టాను. ఎన్ని నెలలో చెప్పలేమన్నారు, ఇస్తారో లేదో కూడా చెప్పలేమన్నారు.

జలుబూ లేదు, ఏమీ లేదు ఆగ్నెస్. ఫారం తిరిగొచ్చిన వారంలోనే ఆయన నన్ను దొంగ అన్నారు, తన గడియారం కాజేశానట. గడియారం ఆయన చేతికే ఉంది. నేను చెంప మీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. నేను లేని గదిలో ఆ సంగతి క్రాన్‌షాకు చెప్పేస్తారని భయపడ్డాను. పరువు కాపాడుకుని మనిషిని పోగొట్టుకున్నాను. ఇంతకాలం నీకు కూడా చెప్పడానికి సిగ్గేసింది.

నిన్న మధ్యాహ్నం చూడబోయాను. నన్ను కొత్తగా చేరిన ఆయా అనుకున్నారు.

“నేనిక్కడ ఎక్కువ రోజులుండనులే అమ్మా. మా ఆవిడొచ్చి తీసుకుపోతుంది,” అన్నారు.

“మంచిదేనా మీ ఆవిడ?” అన్నాను.

“మంచిదా! నోరు పెద్దది. చెయ్యి కూడా లేస్తుంది. ఓసారి చెంప పగలగొట్టింది తెలుసా?” అని నవ్వారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. “అయినా సరే, నాకు ఆవిడే కావాలి. నా సంగతి ఆవిడే చూసుకోవాలి. మీవాళ్ళకి చెప్పు. మర్చిపోతావు, రాసుకో.”

క్రాన్‌షా ఎదుట ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవారు. సంచిలోంచి కలం తీసి, ఆయన చూస్తుండగానే రాసుకున్నాను. నేను రాసుకున్నది చెల్లదు.

ఇట్లు,
నీకొక్కదానికే ఈ మాట చెప్పుకున్న
అక్క మోనికా