ఆ సూదికి మీరు ఒప్పుకోలేదు

కెప్టెన్ గారూ,

సలాం. మీరు పోయి ఒక చలికాలం దాటిపోయింది. ఈ సౌదీ కొండల్లో, మన అభాలో పొగమంచు కూడా విడిచింది. నా కోపమే ఇంకా తగ్గలేదు...

నేను నడిపే టీమ్ బస్సులో నా పక్క సీటు మీది. ఘాట్ మలుపులంటే మీకు భయం. అది కనపడనీయకుండా ఏదో ఒకటి చెబుతూనే ఉండేవారు. ఇటలీలో మీ రేవు పట్టణం, మీ నాన్న రొట్టెల బట్టీ, మీరు ఫుట్‌బాల్‌లో డిఫెండర్‌గా ఆడిన రోజులు... ఒక ఫైనల్‌కి వాచిన మోకాలికి నొప్పి తెలియకుండా సూది వేసి మిమ్మల్ని దించారట. కప్పు ఆ క్లబ్‌కి దక్కింది. మీ ఆట అక్కడితో సరి. తర్వాత చిన్నాచితకా జట్లకు కోచ్‌గా తిరిగి, తల నెరిశాక ఈ కొండ మీదికొచ్చారు. ఇక్కడ కోచ్‌ని కెప్టెన్ అంటారు కాబట్టి మాకు కెప్టెన్ అయ్యారు.

"బాషా, దెబ్బ తగిలినవాణ్ని నేను ఆడించను. నన్ను తీసేసినా సరే" అనేవారు.

తీసేశారు కదా!

ఆఖరి మ్యాచ్ ఓడితే జట్టు కింది డివిజన్‌కి పడిపోతుంది. గోల్స్ కొట్టే ఫహద్‌కేమో మోకాలు వాచింది. సూది వేసి ఆడించమన్నారు క్లబ్ పెద్దలు. మీరు ఒప్పుకోలేదు. మ్యాచ్ రోజు పొద్దున్నే మిమ్మల్ని పంపించేశారు. ఎయిర్‌పోర్టులో దింపింది నేనే.

సాయంత్రం ఫహద్‌కి సూది వేసి ఆడించారు. జట్టు గెలిచింది. అతన్ని స్ట్రెచర్ మీద మోసుకొచ్చారు.

మీ గుండె ఆగిపోయిందని కబురొచ్చాక క్లబ్‌లో సంతాపసభ పెట్టారు. మీ ఫోటో ముందే నిలబడి, ఒంట్లో బాగోక మీరే వెళ్లిపోయారన్నాడు డైరెక్టర్. ఫహద్ మోకాలు మీ ప్రాక్టీసు వల్లే పాడైందట! పోయిన మనిషి వచ్చి కాదనలేడనేగా ఈ ధైర్యం? సిగ్గనిపించదా వీళ్లకి?

నేను ఈ దేశంలో ఉండే పర్మిట్, నా ఇఖామా, వాళ్ల చేతుల్లో ఉంది. కడపలో పిల్లలు చదువుకుంటున్నారు. అయినా నోరు ఊరుకోలేదు. నాకొచ్చిన అరబ్బీలోనే చెప్పాను.

"ఆయన వెళ్లిపోలేదు. సూది వద్దన్నందుకు మీరే వెళ్లగొట్టారు."

నన్ను బయటికి పొమ్మన్నారు. మర్నాడు బస్సు తాళాలు తీసుకుని నన్ను నీళ్ల ట్యాంకర్ మీద వేశారు. పోనీ.

డైరెక్టర్ మాటలు పట్టుకుని పేపర్లలో రాసింది నిజమేనా అని మీ ఆవిడ ఇటలీ నుంచి ఫోన్ చేశారు. నా ఒక్కడి మాట ఆమెకు చాలుతుందా? అందుకే ఫహద్ ఇంటికి వెళ్లాను. అతనింకా కర్రల సాయంతోనే నడుస్తున్నాడు. క్లబ్‌తో కాంట్రాక్టు ఉంది, మాట్లాడడేమో అనుకున్నాను. నేను మీ ఆవిడకి ఫోన్ కలపగానే అతనే అందుకున్నాడు. మీ మాట వినుంటే తన కాలు బాగుండేదని ఆమెకు చెప్పాడు. ఆమె చాలాసేపు ఏడ్చారు. అదే మాట తర్వాత టీవీలోనూ చెప్పాడు. క్లబ్ ఇంతవరకూ కిమ్మనలేదు.

మీ పేరు మీద ఇంకెవరు నోరు పారేసుకున్నా, అడగడానికి ఇక్కడ మేమిద్దరం ఉన్నాం.

మీ
బాషా