ఒక్క అర్రకు పర్మిషన్

పంచాయతీ సెక్రటరీ ఉదయ్ కిరణ్ సారుకు,

బొల్లిగుట్టపల్లె ఎస్తేరు దండం పెట్టి రాస్తున్న.

మూడుసార్లు ఆఫీసుకొస్తిని. తాళం మంచిగుంది, గట్టిది. అందుకే ఈ ఉత్తరం కిటికీలకెల్లి లోపలేస్తున్న. మా ఆయన యోసేపు ఇరవై ఏండ్లు బొంబాయిల మందికి అపార్టుమెంట్లు కట్టిండు. ఇప్పుడు మోకాళ్లు అరిగి ఊరికొస్తుండు. మాకు ఇల్లు లేదు. ఆడబిడ్డ జములమ్మ ఇంటి వసారాల నేనొక్కదాన్నే ఇరుక్కోని ఉంటున్న. మీ ఆఫీసు పక్కనే ఉన్న మా చేన్ల ఒక్క అర్ర కట్టుకుంటం. జర పర్మిషన్ ఇయ్యండ్రి.

మీ జవాబుకు చూసే
ఎస్తేరు

తా.క.: మా అర్రకు తలుపు ఒక్కటే. గని తెరుస్తం.

*

శ్రీమతి ఎస్తేరు గారికి,

మీ ఉత్తరం అందింది. మీది వ్యవసాయ భూమి. అందులో గది కాదు కదా, కోళ్లగూడు కట్టాలన్నా ముందు నాలా కావాలి. నాలా లేని దరఖాస్తును ముట్టుకోవడానికి కూడా నిబంధనలు ఒప్పుకోవు. నాలా పూర్తి చేసి తెలియజేయగలరు.

నిబంధనలకు లోబడి
ఉదయ్ కిరణ్

తా.క.: తాళం ప్రభుత్వ ఆస్తి. దానిపై వ్యాఖ్యలు చేయరాదు.

*

సెక్రటరీ సారుకు నమస్తే.

నాలా అయిపోయింది. నేను, జములమ్మ నాలుగు దినాలు పార పట్టి తవ్వినం. మీ ఆఫీసు గోడకాడికెల్లి వాగు దాక, మోకాలు లోతు. నాలుగు సాళ్ల పల్లికాయ పాయె. ఒక్క అర్రకు గింత పెద్ద కాలువ ఎందుకో మాకు తెల్వదు. సర్కారుకు తెల్సే ఉంటదని తవ్వినం.

నడుములు పట్టుకుపోయిన
ఎస్తేరు

తా.క.: లోతు చాలకుంటే చెప్పండ్రి. పార ఇంకా జములమ్మ చేతిలనే ఉంది. మీ పేరు అడుగుతుంది.

*

అమ్మా ఎస్తేరు గారూ,

నాలా అంటే కాలువ కాదు! సాగుభూమిని ఇంటి జాగాగా మార్చినట్టు తహసీల్దారు ఇచ్చే కాగితం. మీరు నిజంగానే కాలువ తవ్వారు కనుక, ఇప్పుడు కాలువ పక్కన కట్టడాల నిబంధన కూడా మీకు వర్తిస్తుంది. హద్దులు తేల్చడానికి సర్వేయరును పంపుతున్నాను. అంతవరకు ఒక్క ఇటుక కదపరాదు.

తల పట్టుకున్న
ఉదయ్ కిరణ్

తా.క.: మొన్నటి వానకు ఆఫీసులో నీళ్లు నిలవలేదు. అది మీ కాలువ పుణ్యమేనని రాతపూర్వకంగా ఒప్పుకోలేను.

*

సెక్రటరీ సారుకు,

సర్వేయరు నజ్మా మేడం వచ్చి పొద్దంత కొలిచింది. పాపం, ఎండకు చెమటలు కారిపోయినయి. నా హద్దు మీ ఆఫీసు అవతలి గోడ దాటినంక ఉందంట. అంటే మీ ఆఫీసు మొత్తం నా పట్టా భూమిలనే కట్టిండ్రు! మేడం రాసి, సంతకం పెట్టిచ్చింది. మరి ఆఫీసుకు నాలా ఏదని అడిగితే, మీ అటెండరు నేను తవ్విన కాలువ చూపెట్టిండు.

పరేషాన్ గాకండ్రి. కూలగొట్టుమంటలేను. నిన్న యోసేపు బస్సు దిగిండు. సర్పంచు ముందట మాట్లాడినం. పాత కాయితాలున్న అర్ర మాకు రాసియ్యండ్రి, మిగిలినదాంట్ల మీరు పని చేసుకోండ్రి. సర్పంచు సరే అని అటెండరుతోని తాళం తీయించిండు. ట్రంకుపెట్టె లోపల పెట్టినం. యోసేపు గోడ తట్టి చూసి "సిమెంటు తక్కువేసిండ్రు" అన్నడు. అయినా ముఖమంత నవ్వే.

మీ ఇంటి ఓనరు
ఎస్తేరు

తా.క.: మీరుండే గద్వాలకెల్లి ఎప్పుడన్న డ్యూటీకొస్తే తలుపు కొట్టి రండ్రి. లోపల సంసారముంటది.