కర్రతో క్లాంపు బిగించే సంగతి

చెల్లీ, నీ పెళ్లిలో దీపాలు ఆరిపోతే స్తంభం ఎక్కి తీగ సరిచేసింది నేను. కింద స్విచ్చి నొక్కింది మీ ఆయన. అమ్మేమో "పనివాడంటే మా అల్లుడే" అని అందరి ముందూ అంది. ముప్పై ఏళ్లయినా ఆ మాట నన్ను కొరుకుతూనే ఉంది.

ఇక్కడ కొత్త రూలు పెట్టారు. కరెంటు ఉన్న తీగకి క్లాంపు బిగించడానికి స్తంభం ఎక్కకూడదట. కిందే నిలబడి, పొడుగాటి ఫైబరు కర్ర చివర క్లాంపు పెట్టి, తీగకి తగిలించి, కర్ర తిప్పి బిగించాలట. నిన్న మూడుసార్లు ఎత్తాను. మూడుసార్లూ క్లాంపు ఒరిగి కింద పడింది. మూడోసారి సూపర్‌వైజరు బూటు మీదే పడింది. "పెద్దాయనా, అక్కడి లైనులో పనిచేసే మీ బావగారైతే ఒక్క ఎత్తుకే బిగిస్తారటగా" అన్నాడు. ఆయన పేరు ఇక్కడిదాకా పాకింది!

సోమవారం పరీక్ష ఉంది. తప్పితే నన్ను లైను పని మాన్పించి స్టోరు గదిలో కూర్చోబెడతారు. మీ ఆయన అన్నం తినేటప్పుడు మాటల్లో పెట్టి అడుగు. సరిగ్గా తీగ కిందే నిలబడతాడా, ఓ అడుగు వెనకా? తగిలించాక కర్ర కిందికి లాగిపట్టి తిప్పుతాడా, ఊరికే తిప్పుతాడా? నేనడిగానని మాత్రం అనకు.

నీ మోకాలు ఎలా ఉంది? వంటగది కప్పు కారడం ఆగిందా? పిల్లలకి నా దీవెనలు.

ఈ కార్డు ముందు మీ ఆయన చేతిలోనే పడితే, బావా, నవ్వింది చాలు. జవాబు నువ్వే రాయి. శనివారానికల్లా నాకు అందాలి.