బిరుదుల వరుసలో మార్కులు

అపియా విద్యాధికారి ఫలానికో గారికి,

మీ కొత్త పాఠాలు మా బడిలో ఘనంగా ఫలించాయన్న నివేదిక మీకు చేరే ఉంటుంది. దాని కింద సంతకం నాది కనుక ఒక్క మాట.

పాఠాలకు ముందు వచ్చిన మార్కు పక్కన, అదే పిల్లవాడికి తర్వాత వచ్చిన మార్కు పెట్టి తేడా చూడాలి. మా హెడ్మాస్టరు రెండో మార్కుల్ని తండ్రుల బిరుదుల వరుసలో పంచారు. “ఊరి సభలో చదవాలి కదమ్మా. మతాయ్ బిరుదున్న ఊరిపెద్ద గారి కొడుక్కి జాలరి కూతురికన్నా తక్కువొస్తే ఆయన పక్కన ఏ మొహం పెట్టుకుని కూర్చోను?” అన్నారు.

అలా జాలరి కూతురు సెఫినా మార్కు మతాయ్ కొడుకు లాగికి పోయింది. అందరికన్నా బాగుపడింది వాడేనని లెక్క తేల్చింది. రెండో పరీక్ష నాడు వాడు ఆక్లండ్‌లో మేనత్త ఇంట్లో ఉన్నాడు.

ఈ పాఠాలు దేశమంతా పెడతారట. లెక్క ప్రకారం పనిచేసింది పాఠాలు కాదు, ఆక్లండ్. మిగతా పిల్లలకూ విమానం టిక్కెట్లు పంపగలరు.

ఇట్లు,
లెక్కల టీచరు