రెండూ ఒకేలా ఉంటే

పిన్నీ,

బోలెడంత ప్రేమతో, కాస్త బెరుకుతో రాస్తున్నాను. ఇది నువ్వే చదువుకో, చెల్లి చేత చదివించుకోకు.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. "ఒక్కదానివీ ఏముంటావే, మా దగ్గరికొచ్చెయ్. ఇకనైనా నన్ను అమ్మా అని పిలువు" అని మొన్న ఫోనులో అన్నావు. నేను ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. ఎందుకో నీతో మాట్లాడుతూ చెప్పే ధైర్యం లేక కాగితం పట్టుకున్నాను.

నా బడి సంగతి నీకు తెలిసిందే. నల్లబల్ల మీద కన్నా నేల మీదే ఎక్కువ పాఠం చెప్తాను. ఏడో తరగతి వాళ్ళు సీసాలో మట్టీ నీళ్ళూ పోసి గిలక్కొట్టి, అడుగున ఇసుక ఎంత తేరింది, పైన బంకమట్టి ఎంత తేరింది అని స్కేలు పెట్టి కొలుస్తారు. నాలుగో తరగతి వాళ్ళవి చిక్కుడు పాదులు. వాళ్ళకి ఓపిక వేలెడంత కూడా ఉండదు. గింజ మొలిచిందో లేదో చూడాలని తవ్వేసి, మళ్ళీ పూడ్చేసి, నా ముందు ఏమీ ఎరగనట్టు నిలబడతారు. గోళ్ళ నిండా మట్టే.

మొన్న ఆ పాదుల్ని పలచన చేసే పాఠం. గుంటకి మూడేసి గింజలు పెట్టాం, చాలావరకు మొలిచాయి. అన్నీ ఉంచితే ఏదీ సరిగా కాయదు. "బలంగా ఉన్నదాన్ని ఉంచి తక్కినవి పీకేయండర్రా" అన్నాను. ఏటా చెప్పే మాటే. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుని పని మొదలుపెట్టారు. రెండు జడల పిల్ల ఒకతి మాత్రం గుంట ముందు గొంతుక్కూర్చుని కదల్లేదు. దాని గుంటలో మొలిచినవి రెండే.

"టీచర్, ఇవి రెండూ ఒకేలా ఉన్నాయి. ఏది పీకాలి?"

"ఏదో ఒకటి పీకెయ్యమ్మా."

"ఏదో ఒకటంటే ఏది టీచర్?"

కుళాయి దగ్గరికి వెళ్ళి, మట్టి లేని చేతులు చాలాసేపు కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి గంట కొట్టారు. పిల్ల రెండింటినీ అలాగే వదిలేసి వెళ్ళిపోయింది.

మన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నీకు కవలలం పుడితే, పిల్లల్లేని మీ అక్కకి ఒకదాన్ని ఇచ్చావు. ఏ పెళ్ళిలో కనపడినా మామయ్య "మా చెల్లెలికి ఒకటి కొంటే ఒకటి ఉచితంగా వచ్చింది, ఆ ఉచితంది ఇదే" అని నా నెత్తిన తట్టేవాడు. అందరితో పాటు నేనూ పకపకా నవ్వేదాన్ని. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, చెల్లిలో ఉండి నాలో లేనిదేమిటా అని వెతుక్కునేదాన్ని. అమ్మ నన్ను కళ్ళల్లో పెట్టుకుని పెంచింది. అందుకే ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈ ప్రశ్నని గొంతు దాటనివ్వలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. నన్నే ఎందుకిచ్చావు? ఏదో ఒకటిలే అనుకున్నావా, నాలో ఏదైనా తక్కువ కనపడిందా? ఏదైనా సరే, నిజం చెప్పు. అది తెలియకుండా నిన్ను అమ్మా అని పిలవడం నా వల్ల కాదు.

నీ పంతులమ్మ

*

మా పంతులమ్మకి,

నా కళ్ళకి శుక్లాలు ముదిరాయే తల్లీ. అక్షరాలన్నీ అలుక్కుపోతున్నాయి. నువ్వు వద్దన్నా చెల్లి చేతే చదివించుకున్నాను, దాని చేతే రాయిస్తున్నాను. మొదట ఏవో పైపై మాటలు చెప్పాను. "సరిగ్గా చెప్పకపోతే రాయను" అని కలం మూసేసింది. ఇక తప్పలేదు.

మీరు ఒకేలా పుట్టలేదే. నువ్వు ఏడిస్తే వార్డంతా లేచేది. చెల్లికి పాలు చప్పరించే సత్తువ కూడా లేదు. వారం గడిస్తే గొప్పేనంది డాక్టరమ్మ. అక్క అప్పటికే ఇద్దర్ని కని పోగొట్టుకుంది. పోయే బిడ్డని మళ్ళీ దాని ఒళ్ళో పెడితే అక్క కూడా దక్కదనిపించింది. బతికేదాన్ని అక్కకిచ్చాను, పోయేదాన్ని నేనుంచుకున్నాను. ఆ ఏడుపేదో నేనే ఏడుద్దామనుకున్నాను.

ఇది బతికింది. ఇచ్చినదాన్ని వెనక్కి ఏ మొహం పెట్టుకుని అడగను? నిన్నెందుకిచ్చానో చెప్పాలంటే దీన్నెందుకుంచుకున్నానో చెప్పాలి. అందుకే నోరు కుట్టేసుకున్నాను. నీలో తక్కువేమీ లేదమ్మా, ఎప్పుడూ లేదు.

చెల్లి రాయడం ఆపేసింది. రాయవే, అది కూడా రాయి.

ఏమని పిలిచినా నీదాన్నే,
పిన్ని

*

అక్కా,

తను చెప్పింది ఒక్క ముక్క మార్చకుండా రాశాను. ఇది నా మాట.

అమ్మ నన్ను ఏరికోరి ఉంచుకుందనుకుంటూ పెరిగాను. సెలవులకి వచ్చి నువ్వు వెళ్ళిపోతున్నప్పుడల్లా పాపం అనిపించి, నా బొమ్మల్లో మంచిది నీ సంచిలో పెట్టేదాన్ని. నేను నిద్రపోతుంటే అమ్మ నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. పెద్దయ్యాక కూడా. అది ముద్దనుకున్నాను. ముద్దే అయ్యుండొచ్చు.

నీ మీద కోపం లేదు. తన మీదా లేదనే అనుకుంటున్నాను. కానీ పొద్దుటి నుంచి తనని పిలవాల్సి వచ్చినప్పుడల్లా నోరు పెగలక, వెళ్ళి ఎదురుగా నిలబడుతున్నాను. చూపు ఆనదు కదా, "ఎవరే అది?" అని అడుగుతోంది.

తొందరగా రా అక్కా. వచ్చి అమ్మా అని పిలువు. ఇంట్లో ఎవరో ఒకరు పిలవాలి కదా.

నీ చెల్లి