మామ్మ చెప్పిన ఊరు

జార్జ్ టౌన్, పెనాంగ్,
శనివారం పొద్దున.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు పునిత నమస్కరించి రాస్తున్నది. నేనూ పాపా బాగున్నాం. ఇంట్లో అందరూ క్షేమమని కూడా రాయాలి, నువ్వు నేర్పిన పద్ధతి అదే. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎవరికీ ఒంట్లో ఏమీ లేదు, కంగారుపడకు. నాకు కోపంగా ఉంది. అంతే.

నీ ఉత్తరం అందింది. పాపకు దగ్గు తగ్గింది. చెవి మిషను గుయ్యిమంటోందని రాశావు. దాన్ని పెట్టెలో పడేయకుండా మన బటాంగ్ బెర్జుంటై ఊళ్ళో క్లినిక్‌లో చూపించు. అది బాగయ్యేదాకా మనకు ఉత్తరాలే గతి. అయినా ఈ సంగతి ఫోన్లో అరిచి చెప్పేది కాదు.

దసరాకు పాప అక్షరాభ్యాసానికి బాసర ఎప్పుడు బయలుదేరుతున్నారని అడిగావు. వెళ్ళడం లేదు. ఎందుకో మొదటి నుంచి చెబుతాను.

మా మామయ్య తల్లి ఎర్రమ్మ మామ్మ నీకు తెలుసు కదా, పెళ్ళిలో నీ చెయ్యి పట్టుకుని వదలలేదు. ఆవిడ తండ్రిది బాసర అని, తాము సరస్వతీదేవి ఊరివాళ్ళమని మామయ్య అందరికీ చెప్పుకుంటారు. తెలుగు సంఘంలో ఆయనకు ఆ గొప్ప ఉంది. నేను ఆరో తరగతితో చదువు మానేశానని తెలిసిన రోజు, "సరస్వతి ఊరోళ్ళకి కోడలొచ్చినాది, సంతకమెట్టడం వొస్తాదేటి?" అని పదిమందిలో నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

బాసరలో చుట్టాలెవరైనా దొరుకుతారేమోనని మీ అల్లుడు కంప్యూటర్లో వెతికారు. ఇంగ్లీషులో బాసర అని రాయబోయి ఒక అక్షరం వదిలేశారు. వేరే ఊరు వచ్చింది. ఇరాక్ దేశంలో బస్రా అని ఒక రేవు పట్నం. అక్కడి నుంచి చెదిరిపోయిన యూదుల కుటుంబాలు తమవాళ్ళను ఊరి పేరు పెట్టి వెతుక్కునే వెబ్‌సైటట అది. అందులో సింగపూర్ నుంచి ఒకావిడ రాసింది. వాళ్ళ తాతగారి తమ్ముడు హెస్కెల్ బస్రా నుంచి వచ్చి పెనాంగ్‌లో బట్టల వ్యాపారం చేశాడట. ఆయన ఇంట్లో పనిచేసే తెలుగావిడకు ఆయన వల్ల ఒక కూతురు పుట్టిందట. జపాన్ వాళ్ళు రాకముందే ఆయన పోయాడు, ఆ బిడ్డ జాడ ఎవరికైనా తెలుసా అని అడిగింది. కింద ఆయన సమాధి ఫొటో పెట్టింది. అది ఈ ఊళ్ళోని యూదుల శ్మశానంలోనే ఉంది.

మీ అల్లుడికి అదొక వింతగా తోచి మామ్మకి చదివి వినిపించారు. మామ్మ నవ్వలేదు.

"మా అయ్య పేరు హెస్కేలే కదరా," అంది. "బస్రా, బస్రా అని నాను సెప్తే మీ బాబు బాసర అన్నాడు. మన బాసలో దాన్నలాగే అంటారు కాబోలనుకున్నాను."

పక్క గదిలోంచి మామయ్య వచ్చారు. "ఈ మాట గడప దాటకూడదు. ఈ దేశంలో యహూదీ అన్నది బైటికెల్తే ఏటవుతాదో తెలుసా? నీ సెల్లి లోగేశ్వరికి సంబంధం కుదిరేలాగుంది. ప్రేమ్‌నాథ్, ఆ ఫొటో తీసీ."

మీ అల్లుడు తెర మీంచి తీసేశారు. అమ్మా, కన్నతండ్రి సమాధి అది. మామ్మ కళ్ళద్దాలు పెట్టుకునేలోగా తీసేశారు.

మామ్మ ఒక్కటే అడిగింది. "ఒక్కపాలి తీసుకెల్లండర్రా. అయ్యనెక్కడెట్టినారో నానెప్పుడూ సూడనేదు." మేము కూరగాయలకు వెళ్ళే దారిలోనే ఉంది ఆ శ్మశానం. "ఈ వయసులో ఎండలో ఎందుకమ్మా," అన్నారు మామయ్య. అదే ఎండలో ఆవిడను సంఘం సభకు మాత్రం తీసుకెళ్ళాలట. పెద్దవాళ్ళకు సన్మానం, వేదిక మీద ఒక్కొక్కరినీ మీ మూలం ఏ ఊరని అడుగుతారు. మామ్మ తడబడకుండా బాసర అనేలా తయారుచేసే పని నాకు అప్పగించారు.

చేశాను. పొద్దున్నే గంజి తాగిస్తూ, "అనండి మామ్మా, బాసర," అనేదాన్ని. చిలకకు నేర్పినట్టు.

"నీకూ ఇష్టం నేదు కదే," అనేది గంజి మింగుతూ. "మరెందుకనిపిస్తన్నావు?"

ఇంకో చెంచా నోటికందించి, మళ్ళీ "బాసర," అనేదాన్ని.

ఇక నీకు చెప్పాలా వద్దా అని ఇంతసేపూ దాస్తున్నది రాస్తాను. పోయిన ఆదివారం సభలో సంఘం కార్యదర్శి రాజన్ గారు మైకు పట్టుకుని, "మామ్మా, మీదే ఊరు?" అని అడిగారు. మామ్మ మైకు తన దగ్గరికి లాక్కుంది.

"మా అయ్యది బస్రా," అంది గట్టిగా.

చప్పట్లు. "బాసర, చదువులతల్లి ఊరు," అన్నారు రాజన్ గారు పొంగిపోతూ.

"బాసర కాదు నాయినా. బస్రా."

మళ్ళీ చప్పట్లు. నా పక్కనున్నావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. ముందు వరసలో మామయ్య నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళందరికీ తెలియదు. ఆయనకు తెలుసు. తెలిసి కొట్టారు. మామ్మ ఆ జనంలో నాకోసం వెతుకుతోంది.

అమ్మా, నేను లేచాను. కొట్లో చిల్లర తక్కువిచ్చినా అడగలేనని నువ్వు తిట్టేదానివే, ఆ నేనే. "మామ్మ బాసర అననేదండి. బస్రా. ఆవిడ అయ్య యహూదీ. ఈ ఊర్లోనే పాతిపెట్టినారు. ఆ సమాధి ఆవిడకి సూపించమంటే మావోళ్ళు సూపించనేదు." చివరిదాకా చెప్పాను.

"ఎంకటసామి కోడలికి మాటలొచ్చా?" అన్నారు వెనకెవరో, మామయ్య పేరెత్తి. నవ్వులు. మామయ్య మాత్రం చప్పట్లు ఆపేశారు.

ఇంటికి వచ్చీ రాగానే మామయ్య మా బాసర టిక్కెట్లు రద్దు చేశారు. "నాను తప్పు విన్నాను, ముసిలామె బాసరే అన్నాదని సంఘంలో సెప్పు," అన్నారు. నేను చెప్పనన్నాను. లోగేశ్వరి సంబంధం వాళ్ళు ఇంకా ఏమీ అనలేదు. ఆ పిల్ల నాతో మాట్లాడడం మానేసింది, దానికి నాకు నిజంగా బాధగా ఉంది. మీ అల్లుడు నేను వండింది తింటారు, నాతో మాట్లాడరు.

పెద్దవాళ్ళు కదా, సర్దుకో అని రాస్తావు నువ్వు. ఆ మాట రాయకు. ఇన్నాళ్ళూ సర్దుకున్నది నేనొక్కదాన్నే కాదు, మామ్మ కూడా. ఆవిడ సర్దుకుని సర్దుకుని తన తండ్రి ఊరే పోగొట్టుకుంది.

సింగపూర్ ఆవిడకు నేనే కబురు చేశాను. మీ అల్లుడి ఫోన్లో ఆవిడ రాసిన పేజీ తీసి, నంబరు చూసుకుని మలయ్ భాషలో మాట్లాడాను. ఆవిడ ఫోన్లోనే ఏడ్చింది. ఇవాళ వస్తోంది, శ్మశానం గేటు తీయిస్తానంది. మామ్మను నేను తీసుకెళ్తున్నాను. ఎవరి అనుమతీ అడగలేదు.

ఇందాక మామ్మకు జడ వేస్తుంటే మీ అల్లుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "గేటు ఎప్పుడు తీస్తారట?" అని నన్నడిగారు. సభ అయ్యాక నాతో అన్న మొదటి మాట అదే.

"నన్నెందుకు అడుగుతారు? మామ్మనడగండి. ఆవిడ అయ్య కదా," అన్నాను.

మామ్మ ఆయన వైపు తిరగలేదు. నేను జడ ముగించి, ఇవతలికి వచ్చి ఇది రాస్తున్నాను. ఆయన ఇంకా ఆ గుమ్మంలోనే ఉన్నారు. ఎలా అడగాలో తెలియడం లేదనుకుంటాను. నేర్పడానికి నేను వెళ్ళను.

ఇట్లు,
కోపం చల్లారని నీ చిన్నకూతురు,
పునిత