బోర్డు లేని ఇంటి ఫొటో

అనకాపల్లి, 2004 నవంబరు, ఆదివారం రాత్రి

ఈ ఇంటికి ఇన్నాళ్లూ బోర్డు పెట్టలేదు. మొగుళ్ల దెబ్బలు తప్పించుకుని వచ్చిన ఆడవాళ్లు ఇక్కడున్నారని ఎవరికీ తెలియకూడదనే. ఇవాళ విశాఖ నుంచి దాతగారు కుట్టు మిషన్లు తెచ్చారు. మా పని ఒకరి కళ్లలో పడిందన్న సంతోషంలో ఒళ్లు మరిచిపోయాను. ఆయనకు శాలువా కప్పడానికి, మొగుడికి భయపడి ఇక్కడ తలదాచుకున్న నూకరత్నాన్ని నేనే ముందుకు పంపాను. వెంట వచ్చిన విలేకరి ఫొటో తీస్తుంటే నవ్వుతూ నిలబడ్డాను.

ఇందాక దాతగారే ఫోన్ చేశారు. "రేపు జిల్లా పేజీలో వస్తోందమ్మా. అడ్రసు కూడా వేయించాను. ఇంకో పదిమంది సాయానికి వస్తారు."

ఆపించండని బతిమాలాను. పేజీ అచ్చుకు వెళ్లిపోయిందట.

కొత్త మిషన్ తుడుచుకుంటున్న నూకరత్నానికి చెప్పక తప్పలేదు. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

"జిల్లా పేజీయా అమ్మా? ఆడు పొద్దున్నే టీ కొట్టుకాడ ముందు సదివేది అదే."

తెల్లారేలోగా ఈమెను ఎక్కడికి పంపను? ఎవరింట్లో దాచను?

ఆమె మొగుడి ఊరు కోటవురట్ల నుంచి మొదటి బస్సు ఇక్కడికి ఎన్నింటికి వస్తుందో నాకు తెలియదు. ఆమెను అడగడానికి నోరు రావడం లేదు. ఆమె పారిపోయి వచ్చింది ఆ బస్సులోనే.